ఆ తెల్ల సాన రాయి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే తట్టి మోగించి చూడకుండా బిగించకండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపంతోనో, భయంతోనో నాకే తెలియడం లేదు. మాటలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

అమ్మింది ఎవరో పేరు రాయను. లేత్ మీద చెక్క పని చేసేవాళ్లకు రాయనక్కర్లేదు కూడా. "మేమూ ఉలి పట్టినవాళ్లమే సార్, మీ అవసరం మాకు తెలుసు" అనే ఆ తేనె పూసిన గొంతు మీలో సగం మంది వినే ఉంటారు. నేనూ విన్నాను, కరిగిపోయాను.

జరిగింది త్వరగా చెప్పేస్తాను. నా బెంచ్ గ్రైండర్‌తో (బల్ల మీద బిగించి సాన రాయిని తిప్పే మిషన్) వచ్చిన బూడిదరంగు రాయి ఇనుప పనికి సరిపోతుంది గానీ హైస్పీడ్ స్టీల్ ఉలులకు పనికిరాదు. నాలుగు రోజులకే నునుపు తేలి, కోయడం మానేసి వేడి పుట్టిస్తుంది. చెక్క గిన్నె ఒకటి తొలిచేలోగా గౌజ్‌ను, అంటే దోనెలా వంపు ఉన్న ఉలిని, నాలుగైదు సార్లు సాన పట్టాల్సిన మనకు అది నరకం. అందుకే తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 200 మిల్లీమీటర్లది, 80 నంబరు గరుకు ఉన్నది తెప్పించుకున్నాను. పెట్టె ఒక మూల నలిగి వచ్చింది. ఫోన్ చేసి అడిగితే, "ప్రతి రాయినీ తట్టి మోగించి, పగులు లేదని చూసే పంపుతాం సార్. నిశ్చింతగా బిగించి తిప్పుకోండి" అన్నారు.

నిశ్చింతగా బిగించి తిప్పుకున్నాను.

మొదటి రోజు బాగానే తిరిగింది. రాయిని చెక్కి చదును చేసే వజ్రపు డ్రెస్సర్‌తో దాని ముఖం సరిచేసి, రెండు గౌజ్‌లకూ ఒక స్క్రేపర్‌కూ (చెక్కను గీకి నునుపు చేసే ఉలి) పదును పెట్టాను. ఎంత చల్లగా కోస్తోందో అని మురిసిపోయాను కూడా. రెండో రోజు సాయంత్రం స్విచ్ వేశాను. వెలుతురు చాలడం లేదని దీపం తిప్పడానికి ఒక అడుగు పక్కకు జరిగాను. మోటారు పూర్తి వేగం అందుకునేసరికి తుపాకీ పేలినట్టు ఒకే ఒక్క శబ్దం. తిరిగి చూస్తే రాయి లేదు. రెండు ముక్కలు గార్డులో ఇరుక్కున్నాయి. మూడోది నేను అంతకు ముందు క్షణం నిలబడిన చోటు మీదుగా వెళ్లి వెనక గోడకు తగిలింది. అక్కడ మేకుకు ఏం వేలాడుతోందో తెలుసా? నా ఫేస్ షీల్డ్. నా ముఖం మీద ఉండాల్సిన వస్తువు గోడ మీద ఉండి, గోడను కాపాడబోయి నిలువునా చీలింది.

తిట్టండి, పడతాను. ఆ ముక్క బయటికి ఎలా వచ్చిందో కూడా చెబుతాను, దానికీ తిట్టండి. గార్డు పైభాగాన రాయికి దగ్గరగా జరుపుకునే చిన్న రేకు ఉంటుంది కదా, దానికీ రాయికీ మధ్య 6 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. గౌజ్‌ను ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్ పెట్టినప్పుడు చూపుకు అడ్డం వస్తోందని ఆ రేకును ఏనాడో విప్పి సొరుగులో పడేశాను. మహా తెలివైన పని. అది ఉండాల్సిన చోట ఉంటే ఆ ముక్క లోపలే ఆగేదేమో.

లెక్క వేసుకుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంది. 200 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 2,850 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 30 మీటర్లు, అంటే గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో అరచేతి అంత రాయి ముక్క. దీపం తిప్పాలని నాకు ఎందుకు తోచిందో గానీ, ఆ దీపాన్ని ఇక జన్మలో మార్చను.

ఇంతవరకూ నా తప్పు సగం ఉందని ఒప్పుకుంటున్నాను. కానీ నేను ఇది రాస్తున్నది అందుకు కాదు.

ముక్కలు ఏరి, అదే పెట్టెలో పెట్టి ఫోటోలు తీద్దామనుకున్నాను. విరిగిన అంచులు తెల్లగా, ఉప్పు రాయిలా మెరుస్తున్నాయి, ఒక్క చోట తప్ప. నడిమి రంధ్రం దగ్గర మొదలై వేలెడు పొడవున మురికి చారిక ఉంది. అంటే అక్కడ పగులు నిన్నటిది కాదు, ముందు నుంచే ఉంది. అప్పుడు పెట్టెను తిప్పి తిప్పి చూశాను. నా చిరునామా చీటీ కింద మరో చీటీ అంచు కనిపించింది. గోటితో మెల్లగా లేపాను. నా చీటీ కింద, అంతకు ముందు ఆ పెట్టెను తిప్పి పంపిన మరెవరిదో చీటీ. దాని మీద నీలి పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలతో:

"రాయి మోగడం లేదు. పగిలిన కుండ శబ్దం. వాడలేదు."

ఆ మూడు ముక్కలూ చదివి ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. ఎవరో ఒక మనిషి ఈ రాయినే తెప్పించుకుని, చేయాల్సిన పరీక్ష చేసి, పగులు కనిపెట్టి, కారణం కూడా రాసి పంపించారు. వీళ్లు ఆ రాతను చదివారో లేదో గానీ, దాని మీద నా పేరు అంటించారు. చదవకపోతే నిర్లక్ష్యం. చదివి అంటించి ఉంటే దాన్ని ఏమనాలో ఇక్కడ రాయలేను.

ఫోన్ చేశాను. అదే తేనె గొంతు. ముందు, గార్డు రేకు లేని సంగతి నేను పంపిన ఫోటోలోనే పట్టుకుని, "మీ మిషన్‌లోనే లోపం ఉంది కదా సార్" అన్నారు. రేకు లేకపోతే ముక్క బయటికి వస్తుంది, నిజమే. రాయి పగలడానికీ రేకుకూ ఏమిటి సంబంధం? మురికి చారిక గురించి అడిగితే అది నా చెక్క దుమ్మట. పగలని రాయి లోపలికి నా చెక్క దుమ్ము ఎలా దూరిందో ఆయనే చెప్పాలి. చివరికి ఆ చీటీలోని మాటలు చదివి వినిపించాను. కాసేపు మౌనం. సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాను, పిచ్చివాణ్ని.

"ఆయనకు చెవి సరిగా వినపడదేమో సార్. కొందరికి అన్నీ అనుమానాలే. అయినా మీకు దెబ్బ ఏమీ తగలలేదు కదా, మరి ఇంత గొడవ దేనికి?"

దెబ్బ తగలలేదు కదా! అంటే నా దవడ పగిలి ఉంటే గొడవకు అర్హత వచ్చేదన్నమాట. ఈ మాట మామూలుగా, వాతావరణం గురించి మాట్లాడినంత తేలికగా అన్నారు. రాయి పోయింది, షీల్డ్ పోయింది, రెండూ మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ గొంతులోని నిదానం మాత్రం నిన్నటి నుంచి చెవిలోంచి పోవడం లేదు. చివర్లో ఒక వరం కూడా ఇచ్చారు: ముక్కలన్నీ పెట్టెతో సహా తిరిగి పంపితే "పరిశీలిస్తారట". పెట్టెతో సహా! ఆ చీటీ వాళ్ల చేతికి వెళితే ఏమవుతుందో ఊహించలేనంత అమాయకుణ్ని కాదు, ఇప్పుడైనా. పైగా అతికించి మూడోవారికి అమ్మరన్న నమ్మకం కూడా లేదు.

మరి ఆ మోగించే పరీక్ష అర నిమిషం పని. నాకు తెలియక కాదు. ఇరవై సార్లు చదివాను, ఇద్దరికి నేర్పాను కూడా. "మేమే చూసి పంపుతాం" అన్న ఒక్క మాటకు నా చెవులు నేనే మూసుకున్నాను. కుండ కొనేవాళ్లు కూడా వేలితో కొట్టి చూస్తారు. నేను నిమిషానికి వేల చుట్లు తిరిగే రాయిని కొట్టి చూడలేదు.

తెలియనివాళ్ల కోసం: రాయి పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీయండి. స్క్రూడ్రైవర్ చెక్క పిడితోనో ప్లాస్టిక్ పిడితోనో మెల్లగా తట్టండి, ఇనుముతో వద్దు. నిలువు గీతకు అటూ ఇటూ 45 డిగ్రీల దగ్గర, అంచు నుంచి రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల లోపలికి కొట్టాలి. తరువాత రాయిని కొంచెం తిప్పి మళ్లీ కొట్టాలి. మంచి రాయి ఖంగుమని మోగుతుంది. "టప్" మని చచ్చిన శబ్దం వస్తే అది ఎంత ఖరీదైనదైనా చెత్తబుట్టకే. ఇది మన మామూలు తెల్ల, బూడిదరంగు రాళ్ల సంగతి. రెసిన్‌తో చేసిన చక్రాలు అంత స్పష్టంగా మోగవు. మోగిందని మిగతావి వదిలేయనూ వద్దు, కంటితో కూడా చూడండి.

రాయి మీది కాగితపు బిళ్లపై గరిష్ఠ వేగం రాసి ఉంటుంది. మీ గ్రైండర్ వేగం దాన్ని మించకూడదు. నాకు వచ్చిన రాయికి ఒకవైపు బిళ్ల సగం చిరిగి ఉంది. అప్పుడే వెనక్కి పంపాల్సింది. ఆ కాగితపు బిళ్లలు అలంకారానికి కాదు, రాయిని రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లాంజ్ బిళ్లల ఒత్తిడి రాయి మీద సమానంగా పడటానికి. ఆ కాగితాలను పీకేయకండి. నట్టును బలమంతా పెట్టి బిగించనూ వద్దు. రంధ్రం బిగుతుగా ఉందని తొలిచి పెద్దది చేసేవాళ్లను చూశాను. వాళ్లకు నమస్కారం.

కొత్త రాయి బిగించాక మొదటిసారి తిప్పేటప్పుడు పక్కకు నిలబడి కనీసం ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. నా రాయి ఆ నిమిషం దాటి బతికి, మరునాడు పగిలింది కాబట్టి, ఇక నుంచి నేను స్విచ్ వేసిన ప్రతిసారీ పక్కనే నిలబడతాను. ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటనివ్వకండి, రాయి అరిగే కొద్దీ జరుపుతూ ఉండండి. చేతి తొడుగులు వద్దు. ఫేస్ షీల్డ్ ముఖానికి, కింద కళ్లద్దాలు కూడా. గోడకు కాదు.

ఇంకొకటి, దీనికి సంబంధం లేకపోయినా: గ్రైండర్ పక్కన చిత్రిక పొట్టు గుట్టలు పెట్టుకోకండి, దుమ్ము లాగే మిషన్‌ను గ్రైండర్‌కు తగిలించకండి. నిప్పురవ్వ సంచిలోని పొట్టులోకి చేరితే గంట తరువాత పొగ కనిపిస్తుంది.

కొందరు నెమ్మదిగా తిరిగే గ్రైండర్ కొనుక్కోమంటున్నారు. మాట మంచిదే, వేగం సగమైతే రాయిని చీల్చే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఉక్కు చక్రం మీద సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే చాలా గట్టి పదార్థం) పూత ఉన్నవైతే ఇలా ముక్కలవవు. నేనూ వాటికే మారతాను, ఈ అమ్మకందారు దగ్గర మాత్రం కాదు. అప్పటిదాకా గ్రైండర్ ప్లగ్ పీకేశాను. సొరుగులోంచి ఆ రేకు తీసి బిగించాను, రెండు స్క్రూలు, మూడు నిమిషాల పని.

పెట్టె నా దగ్గరే ఉంది, చీటీతో సహా. నీలి పెన్నుతో ఆ మాటలు రాసినవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి తెలుసుకోండి. మీ చెవి బాగానే వినపడుతోంది.