కట్ట తెగితే నీళ్ళు ఎలా పోతాయి: ల్యాబులో చూడాలా, కంప్యూటర్లో లెక్కగట్టాలా?

2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు ఊరుతున్నాయని కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో తిరుపతిలో మాకందరికీ ఒకటే టెన్షన్. అంతకు కొద్దిరోజుల ముందే, 19వ తేదీన, కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. కట్ట తెగితే నీళ్ళు ఏ ఊరికి ఎంతసేపట్లో వస్తాయి అని అందరూ అడిగినవాళ్ళే. సివిల్ పిల్లలు ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు నన్నిప్పటికీ అడుగుతుంటారు: దీన్ని ఫ్లూములో ప్రయోగం చేసి చూడాలా, కంప్యూటర్ మోడల్ వేసుకోవాలా?

ఫ్లూము అంటే అద్దపు గోడలున్న పొడవాటి కాలువ. ఒక కొసన గేటు వెనక నీళ్ళు నిలిపి, గేటు ఒక్కసారిగా ఎత్తేస్తారు. 36 సెంటీమీటర్ల లోతు నీళ్ళుంటే గేటు పావు సెకనులో పైకి లేవాలి. ఆలస్యమైతే అది కట్ట తెగినట్టు కాదు, తూము తెరిచినట్టు అవుతుంది. అందుకే కప్పీ మీదుగా తాడుకు బరువు కట్టి వదులుతారు. రిట్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892లోనే లెక్క చెప్పాడు: రాపిడి లేని పొడి నేల మీద గేటు దగ్గర లోతు మొదటి లోతులో తొమ్మిదింట నాలుగు వంతులకు, అంటే 16 సెంటీమీటర్లకు, దిగి నిలుస్తుంది. ముందు అంచు సెకనుకు 3.76 మీటర్ల వేగంతో పోతుంది. ఫ్లూములో చూస్తే గేటు దగ్గర లోతు దాదాపు లెక్కకు సరిపోతుంది. అంచు మాత్రం నేల రాపిడికి మొద్దుబారి, లెక్క కంటే వెనకబడుతుంది. కింద ముందే నాలుగు వేళ్ళ లోతు నీళ్ళుంటే కథే మారిపోతుంది, ముందు భాగం గోడలా లేచి వస్తుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మరవ పారి కింది వాగు నిండుగా ఉన్నప్పుడే కట్టలు తెగుతాయి కాబట్టి, ఈ రెండో ప్రయోగమే మనకు ఎక్కువ పనికొస్తుంది. అన్నమయ్య కట్ట మీదికి పైనున్న పింఛా ప్రాజెక్టు గండి నీళ్ళు కూడా వచ్చిపడ్డాయి కదా.

ఫ్లూముకు తీరని లోటు ఒకటుంది. 9 మీటర్ల నీటిని నూరో వంతుకు కుదిస్తే 9 సెంటీమీటర్లే మిగులుతుంది. కాలం పదో వంతు అవుతుంది. నీళ్ళు కుదురుతాయి, మట్టి కుదరదు. బంకమట్టి అతుకు స్కేలుకు లొంగదు కాబట్టి గండి ఎంతసేపటికి ఎంత వెడల్పవుతుందో చిన్న నమూనా సరిగ్గా చెప్పలేదు.

కంప్యూటర్ మోడల్ నడిచేది, పారే నీటి లోతూ వేగమూ ఎలా మారతాయో చెప్పే 1871 నాటి సెయింట్ వెనాంట్ సమీకరణాల మీద. హెచ్ఈసీ-రాస్ అనే వరద లెక్కల ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. గండి వెడల్పు, తెగే సమయం మార్చి ఇరవైసార్లు నడిపినా ఖర్చు లేదు. నాకు భయం వేరే చోట. ఉచితంగా దొరికే, ఆకాశం నుంచి కొలిచిన నేల ఎత్తుల మ్యాపుల్లో ఒక్కో గడి 30 మీటర్లది. ఊరి రోడ్డు గట్టు, రైలు కట్ట, దాని కింద కల్వర్టు ఆ గడిలో కలిసిపోతాయి. అయినా రంగురంగుల మ్యాపు అందంగానే వస్తుంది, చూసేవాళ్ళు నమ్మేస్తారు. పైగా ఈ సమీకరణాలు నీటి నిలువు కదలికను పట్టించుకోవు కాబట్టి, గేటు లేచిన మొదటి క్షణాల్లో లెక్క నమ్మదగింది కాదు.

ఈ రెంటినీ కలిపి చూపించేది ఫ్రాన్సులోని మాల్పాసే. 1959 డిసెంబరు 2న ఆ ఆనకట్ట కూలి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ లోయను 1:400 నమూనాగా కట్టి వరదను కొలిచారు. కొత్త ప్రోగ్రాములను ఆ కొలతలతో ఇప్పటికీ సరిచూసుకుంటారు.

ఊరికి మ్యాపు కావాలంటే కంప్యూటర్ మోడలే, ఇందులో నాకు సందేహం లేదు. అయితే డబ్బు మెషీన్ల మీద కాదు, సర్వే మీద పెట్టాలి: కట్ట కింది రోడ్ల ఎత్తులు, కల్వర్టుల కొలతలు, వాగు అడుగు మట్టాలు. ఒక్క సెమిస్టరే ఉన్న విద్యార్థికి మాత్రం ముందు ఫ్లూమే చెబుతాను. తర్వాత తన ప్రోగ్రాము లెక్క తన ఫ్లూము కొలతలతో కలవని రోజు, ఏది తప్పో వెతకడం వాడికి వస్తుంది. ఆ తర్వాత రాయలచెరువు లెక్క చేసినా, పది రకాల గండ్లకు నడిపి, ప్రతి ఊరి పేరు పక్కన అన్నిటికన్నా తక్కువ వచ్చిన నిమిషాలు రాసి పంచాయతీకి ఇస్తాడు.