వేబ్యాక్ మెషీన్: విలువైన సేవ, తేలని అనుమతి

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 2001 నుంచి అందరికీ ఉచితంగా అందిస్తున్న వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా టైపు చేస్తే, ఎప్పుడో మూతపడిన వెబ్‌సైటు కూడా తేదీలవారీగా తెరుచుకుంటుంది. కనుమరుగైన తెలుగు బ్లాగులను వెతికేవారికి ఇది పెద్ద ఆధారం. పేజీలు నెమ్మదిగా వస్తాయి, కొన్నిచోట్ల బొమ్మలు కనిపించవు, వీటితో సర్దుకోవచ్చు.

సర్దుకోలేనిది అనుమతి విషయం. రాసినవారు తొలగించుకున్న పేజీ, అందులోని ఫోన్ నంబరుతో సహా, వారికి తెలియకుండానే ఇక్కడ నిలిచి ఉండవచ్చు. బహిరంగంగా ఉన్న పేజీని ఎవరైనా క్షణాల్లో ఇందులో చేర్చవచ్చు గాని, తీసివేయించాలంటే మాత్రం సంస్థకు ఈమెయిలు రాసి, వారి నిర్ణయం కోసం ఎదురుచూడాలి. ఇది న్యాయమైన ఏర్పాటని నేను అనుకోను. పైగా 2024లో జరిగిన సైబర్ దాడిలో ఈ సంస్థ వాడుకరుల ఖాతాల వివరాలు, సుమారు 3.1 కోట్లు, బయటపడ్డాయి.

ఇదే సంస్థ నడిపే పుస్తక విభాగంలో చిక్కు మరింత లోతైనది. స్కాన్ చేసిన పుస్తకాలను ప్రచురణకర్తల అనుమతి లేకుండా అరువివ్వడం న్యాయబద్ధ వినియోగం (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) కాదని 2024 సెప్టెంబరులో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. అక్కడ దొరికే పాత తెలుగు పుస్తకాలు మనకు అపురూపమే. అయితే భారత చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవే కనుక, ఆ గడువు తీరని పుస్తకాలను వారిని అడగకుండా ఎక్కించకూడదు. చదవడానికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తొలగింపు కోరే ఫారం మొదటి పేజీలోనే, తెలుగులో కూడా, ఉండాలని గట్టిగా కోరుతున్నాను.