జర్మన్ పౌరసత్వం: పందొమ్మిది నెలల నిరీక్షణ, ఏడాదిన్నర అనుభవం

2024 ఏప్రిల్‌లో ఒక గురువారం ఉదయం జిల్లా కార్యాలయంలోని చిన్న గదిలో బల్లకు అటువైపు ఉన్న ఉద్యోగిని లేచి నిలబడింది. నేనూ లేచాను. జర్మనీ రాజ్యాంగాన్నీ చట్టాలనూ గౌరవిస్తాననీ, ఈ దేశానికి హాని చేసే పని ఏదీ చేయననీ చెప్పే ఒకే ఒక్క వాక్యాన్ని పైకి చదివాను. పత్రం చేతికి అందగానే ఇక్కడి పౌరసత్వం వస్తుంది. భారత చట్టం ప్రకారం అదే క్షణంలో మన పౌరసత్వం పోతుంది. పక్కనే ఉన్న మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. తన పత్రం తను అందుకుని, "ఇప్పుడు నేను కూడా తమ్ముడిలాగా అయ్యానా నాన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వెనుక చిన్న కథ ఉంది. నేను 2013 అక్టోబరులో బ్లూ కార్డు (విదేశీ నిపుణులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రానికి వచ్చాను. 2016లో శాశ్వత నివాస అనుమతి వచ్చింది, మనవాళ్లందరూ పీఆర్ అనేది దాన్నే. 2017 ఫిబ్రవరిలో పుట్టిన అమ్మాయి భారతీయురాలు. 2022 ఫిబ్రవరిలో అదే ఆసుపత్రిలో పుట్టిన అబ్బాయి పుట్టుకతోనే జర్మన్. 1913 నాటి చట్టం నుంచి ఈ దేశంలో పౌరసత్వం రక్తసంబంధం మీదే నడిచింది. 2000 జనవరి నుంచి మాత్రం విదేశీయుల పిల్లలకూ దారి తెరిచారు. తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్లు చట్టబద్ధంగా ఇక్కడ నివసించి, శాశ్వత అనుమతి కలిగి ఉండాలి. అమ్మాయి పుట్టేనాటికి నాకు మూడేళ్లే. ఇప్పుడు ఆ ఎనిమిదేళ్లను అయిదుకు తగ్గించారు. ఒక ఇంట్లో అక్క విదేశీయురాలిగా, తమ్ముడు స్వదేశీయుడిగా పెరగడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. దరఖాస్తు పెట్టడానికి నన్ను కదిలించింది అదే.

నా భార్య మాత్రం ఇప్పటికీ భారత పాస్‌పోర్టు, పీఆర్‌తోనే ఉంది. ఒకే ఇంట్లో ఆ రెండు దారులనూ పక్కపక్కన చూస్తున్నాం కాబట్టే ఇది రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. తీసుకున్నందుకు సంతోషంగా ఉంది. అయితే వీసా లేకుండా తిరగవచ్చన్న ఒక్క ఆశతో ఎవరైనా తీసుకుంటానంటే వద్దంటాను. బతికే చోట ఓటు కావాలనుకునేవారికి మాత్రం, ఎంత కష్టమైనా పెట్టమంటాను.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది జర్మన్ భాష కాదు, నా జనన ధ్రువపత్రం. 1984లో పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊళ్లో, ఇంట్లోనే పుట్టాను. పంచాయతీలో ఎవరూ రాయించలేదు. పదో తరగతి సర్టిఫికెట్టే నా పుట్టినరోజుకు ఆధారం. ఇక్కడి అధికారులకు అది సరిపోలేదు. ఆలస్యపు నమోదు కోసం మా నాన్నగారు తహసీల్దారు కార్యాలయానికీ ఆర్డీవో కార్యాలయానికీ నాలుగు నెలలు తిరిగారు. పత్రం వచ్చాక పేరు దగ్గర చిక్కు మొదలైంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. తెలుగువాళ్లకు ఇది మామూలే. ఇక్కడ మాత్రం ఇద్దరు మనుషులు. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం చేయించాం. అది చాలక, పత్రాలు నిజమైనవేనని జర్మన్ రాయబార కార్యాలయం ద్వారా విచారణ కూడా జరిగింది. ఒక న్యాయవాది మా ఊరికి వచ్చి, పంచాయతీ పుస్తకాలు చూసి, ఇరుగుపొరుగును అడిగి వెళ్లారు. "మా వాడు ఏదైనా తప్పు చేశాడా?" అని అమ్మ కంగారుగా ఫోను చేసింది. మీరు 1990కి ముందు పల్లెలో పుట్టినవారైతే, పౌరసత్వం ఆలోచన ఉన్నా లేకపోయినా, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు జనన ధ్రువపత్రం పని పూర్తి చేసుకుని రండి.

జర్మన్ భాష బీ1 స్థాయిలో, అంటే రోజువారీ పనులు నెట్టుకురాగలిగినంతగా, రావాలి. ఆఫీసులో అంతా ఇంగ్లిషే కావడంతో ఎనిమిదేళ్లయినా నా జర్మన్ బేకరీ దాటలేదు. సాయంత్రం తరగతుల్లో చేరి ఏడాది చదివాను. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ పరీక్షిస్తారు. నాకు కష్టమైంది వినడం.

పౌరసత్వ పరీక్ష తేలిక. 33 ప్రశ్నలు, గంట సమయం, 17 సరైతే చాలు, రుసుము 25 యూరోలు. దేశమంతటికీ ఉమ్మడిగా ఉన్న 300 ప్రశ్నల నుంచి 30, మనం ఉండే జర్మన్ రాష్ట్రానికి చెందిన పది ప్రశ్నల నుంచి మూడు వస్తాయి. అన్నీ ముందే ప్రకటించినవే, కాబట్టి బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. నేను అలా చేయకూడదనుకున్నాను. 1953 జూన్ 17న తూర్పు జర్మనీలో కార్మికులు ఎందుకు తిరగబడ్డారో, 1970లో వార్సాలో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ ఎందుకు మోకరిల్లాడో చదివాను. ఒక ప్రభుత్వాధినేత తన దేశం యూదుల మీద చేసిన ఘోరానికి నేల మీద మోకరిల్లడం గురించి అక్క కూతురికి ఫోనులో చెప్పినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను చేరబోయేది ఎలాంటి దేశంలోనో నాకు మొదటిసారి అర్థమైంది ఆ పుస్తకాల దగ్గరే.

2022 సెప్టెంబరులో దరఖాస్తు ఇచ్చాను. నాకు 255 యూరోలు, నాతో పాటు చేరే అమ్మాయికి 51 యూరోలు. ఆ తర్వాత మౌనం. అందిందన్న ఉత్తరం రావడానికే అయిదు నెలలు. మా ఫైలు చూసే ఉద్యోగి మూడుసార్లు మారారు. మారిన ప్రతిసారీ పాత జీతం చీటీలు చెల్లవని కొత్తవి అడిగారు. మూడు నెలలు దాటినా కారణం లేకుండా నిర్ణయం చెప్పకపోతే పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లే హక్కు ఇక్కడి చట్టంలో ఉంది. నాతో పనిచేసే ఒకాయన అలా దావా వేశాక రెండు నెలల్లో పని పూర్తయింది. నేను మొహమాటపడ్డాను. పౌరుడిగా చేర్చుకోమని అడుగుతూ అదే ప్రభుత్వం మీద కోర్టుకెక్కడం ఏమిటనుకున్నాను. అది పొరపాటని ఇప్పుడు తెలుసు. హక్కును వాడుకోవడంలో అమర్యాద ఏమీ లేదు.

పత్రం చేతికొచ్చాక అసలైన ఇబ్బంది ఎదురైంది. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించలేదు. పౌరసత్వం మారిన క్షణం నుంచి భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం నేరం. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటేనే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు గానీ వీసాకు గానీ అర్హత. జర్మన్ పాస్‌పోర్టు 70 యూరోలు కట్టాక అయిదు వారాలకు వచ్చింది. సరెండర్ కాగితం ఇంకా రాలేదు. ఆ మధ్యలో, జూన్ నెలాఖరులో, మా అమ్మమ్మ పోయింది. నన్ను పెంచిన మనిషి. ఒక పాస్‌పోర్టు చెల్లదు, రెండో దాని మీద వీసా లేదు. కాగితం వచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఫోనులో చూస్తూ ఇక్కడే స్నానం చేశాను. ఇంట్లో పెద్దవాళ్లు అనారోగ్యంతో ఉంటే పత్రం అందుకునే తేదీని కాస్త వాయిదా వేయమని అడగండి. అందుకున్న రోజే సరెండర్ దరఖాస్తు సిద్ధంగా ఉంచుకోండి. మూడు నాలుగు నెలలు ప్రయాణం కుదరదని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

ఓసీఐ 2005 నుంచి ఉంది. పేరులో పౌరుడని ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. పొలం కొనకూడదు. పొలం గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది, సరిచేయాలి. విదేశంలో నివసిస్తున్నంత కాలం భారత పౌరుడైనా, అంటే ఎన్నారై అయినా, వ్యవసాయ భూమి కొనలేడు. తేడా తెలిసేది తిరిగి వెళ్లి స్థిరపడినప్పుడు. అప్పుడు నా భార్య కొనగలదు, నేను కొనలేను. నాన్నగారి రెండెకరాలు వారసత్వంగా నాకు రావడానికి మాత్రం అడ్డు లేదు.

ఇక ఓటు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు. నాన్నగారు ఓటేసి వచ్చి, "నీ పేరు ఇంకా జాబితాలో ఉందిరా" అన్నారు. నేను తీసేయించుకోవాల్సిన పేరు అది. ఫారం 7 నింపి పంపించాను. నింపుతున్నప్పుడు మనసు చాలా బరువెక్కింది. సరిగ్గా ఇరవై ఏడు రోజుల తర్వాత, జూన్ 9న, ఇక్కడ యూరప్ పార్లమెంటుకూ మా పట్టణ మండలికీ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. అంతకుముందు పదేళ్లు మా వీధిలో బస్సు ఆగాలా వద్దా, కిండర్‌గార్టెన్ రుసుము ఎంత అన్నవి నేను లేకుండానే తేలాయి. ఐరోపా సమాఖ్య దేశాలవారికి పట్టణ ఎన్నికల్లో ఓటు ఉంది. మిగిలిన విదేశీయులకు ఎన్నేళ్లున్నా లేదు. కొన్ని రాష్ట్రాలు ఇవ్వాలని చూస్తే 1990లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

మా రాష్ట్రంలో పట్టణ ఎన్నిక చూడదగ్గది. మండలిలో 32 స్థానాలు ఉంటే ప్రతి ఓటరుకూ 32 ఓట్లు. ఒక అభ్యర్థికి మూడు వరకు ఇవ్వవచ్చు. ఒక పార్టీ జాబితాలో ఉన్నవారిని ఇంకో పార్టీ జాబితాలోకి రాసుకోవచ్చు. బ్యాలెట్ కాగితాలు ముందే ఇంటికి వస్తాయి. పరిస్తే మా భోజనాల బల్ల నిండిపోయింది. మా పిల్లల వైద్యురాలు ఒక జాబితాలో, మందుల దుకాణం ఆయన ఇంకో జాబితాలో, ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ నేర్పే కుర్రాడు మరో జాబితాలో ఉన్నారు. మూడు సాయంత్రాలు నేనూ నా భార్యా కూర్చుని చర్చించుకుని నింపాం. ఆ వైద్యురాలికి మూడు ఓట్లు వేశాను, గెలిచింది. 2025 ఫిబ్రవరి 23న పార్లమెంటు ఎన్నికలో 82.5 శాతం పోలింగు నమోదైంది. మా కేంద్రం ముందు వరుసలో నిలబడటం గొప్పగా అనిపించింది. అయినా ఆ మూడు సాయంత్రాలే నాకు ఎక్కువ.

ప్రయాణాల గురించి రెండు మాటలు చాలు. నెదర్లాండ్స్‌లో మూడు నెలల పని పడితే ఏ అనుమతీ అడగకుండా వెళ్లి చేశాను. పీఆర్‌తో అది కుదరదు. లండన్‌కు వీసా అక్కర్లేదు, 2025 ఏప్రిల్ నుంచి ఫోనులో తీసుకునే చిన్న అనుమతి సరిపోతుంది. ఇవి సౌకర్యాలే, కాదనను. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే సౌకర్యాలు.

పీఆర్‌లో నన్ను నిజంగా భయపెట్టింది వేరొకటి. 2020 ఫిబ్రవరి 12న నా భార్య పాపను తీసుకుని ఏలూరు వెళ్లింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. సాధారణంగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే పీఆర్ రద్దవుతుంది. ప్రత్యేక విమానాల్లో సీటు దొరికి ఆగస్టు 6న తిరిగి వచ్చారు, గడువుకు ఆరు రోజుల ముందు. ఆ వేసవిలో నేను క్యాలెండరు చూసుకుంటూ గడిపిన రాత్రులు మరచిపోలేను. తల్లిదండ్రుల కోసం ఏడాది పాటు ఇండియాలో ఉండాల్సి వస్తే నాకు ఇక ఆ లెక్క లేదు. ఆమెకు ఉంది.

నాకు పౌరసత్వం వచ్చిన తర్వాత చట్టం చాలా మారింది. 2024 జూన్ 27 నుంచి ఎనిమిదేళ్ల నివాసం అయిదేళ్లయింది. బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే ఇచ్చే దారి కూడా పెట్టారు, దాన్ని 2025 అక్టోబరు చివర మూసేశారు. అయిదేళ్ల నియమం కొనసాగుతోంది. పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతును జర్మనీ తీసేసింది. ఈ వార్త చూసి ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందని సంబరపడి నాకు ఫోను చేసినవారు పదిమంది ఉంటారు. జర్మనీ ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు. మా పై అంతస్తులో తుర్కియే నుంచి 1971లో కార్మికుడిగా వచ్చిన పెద్దాయన ఉన్నారు. పుట్టిన దేశాన్ని వదలలేక యాభై ఏళ్లు ఓటు లేకుండా ఉన్నారు. కొత్త చట్టం ఆ తరానికి రాతపరీక్ష లేకుండా, మాట్లాడగలిగితే చాలంటూ దారి ఇచ్చింది. ఆయనకు ఇప్పుడు రెండూ ఉన్నాయి. మనకు ఆ అదృష్టం లేదు. ఎంచుకోక తప్పదు.

నా భార్యకు అర్హత ఎప్పుడో వచ్చింది. వాళ్ల అమ్మగారు ఒంటరిగా ఉంటున్నారు, ఎప్పటికైనా అక్కడికి వెళ్లి కొన్నేళ్లు ఉండాలన్నది ఆమె కోరిక. తొందరపెట్టను. అయితే ఆమె అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సంఘం సభ్యురాలు. ఇక్కడ బడులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి, 2026 మార్చి 8న రాష్ట్ర ఎన్నికలు. టీచర్ల కొరత మీద ఏ పార్టీ ఏం చెబుతోందో ఆమె ఇప్పటికే ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఆ పుస్తకం చదివాకే నేను ఓటు వేయడానికి వెళ్తాను.