స్ట్రట్లు ఎప్పుడు మార్చాలి: మీటరు చూసా, మరక చూసా, వేడెక్కాక చూసా?

"ఆయిల్ కారడం లేదు కదా, ఇంకొన్నాళ్లు నడపొచ్చా?" అని కొందరు, "80 వేల కిలోమీటర్లు దాటింది, మార్చేయమంటారా?" అని ఇంకొందరు. స్ట్రట్ల గురించి, అంటే గతుకుల్లో బండి ఊపును ఆపే, లోపల ఆయిల్ ఉండే షాక్ అబ్జార్బర్ల గురించి, ఆఫ్‌రోడ్ బండి ఉన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ రెండే. నేను ఈ మధ్యే నా బండికి ముందు జత మార్చాను. చుక్క ఆయిల్ కారలేదు, మీటరు కూడా 80 వేలకు చాలా దూరంలోనే ఉంది. మరి ఎందుకు మార్చినట్టు?

ముందు కిలోమీటర్ల లెక్క. 80 వేలు అనే అంకె అందరి నోటా వినిపిస్తుంది కానీ అది ప్రధానంగా తారు రోడ్డు లెక్క. రేకుల కప్పులా అలలు తేలిన మట్టిదారిలో చక్రం ఒక్క కిలోమీటరుకే లెక్కలేనన్నిసార్లు ఎగిరి పడుతుంది, లోపల పిస్టన్‌కూ అన్నిసార్లు పని. కాబట్టి ఒకే మీటరు రీడింగు ఉన్న రెండు బండ్లలో ఒకదాని స్ట్రట్లు నిక్షేపంగా ఉండి, రెండోదానివి ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. ఖర్చు ముందే అనుకుని పెట్టుకోవడానికి మాత్రం ఈ లెక్క బాగుంటుంది.

రెండోది మరక. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పిస్టన్‌ను పట్టుకుని ఉండే రాడ్డు పైకీ కిందకీ తిరిగేటప్పుడు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు దగ్గర పలచటి ఆయిల్ పొర రావడం మామూలే, దానికి దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే సీలు పోయినట్టు కాదు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. స్ట్రట్ ఒంటి మీద సగందాకా తడిగా ఉన్నా, చుక్కలు పడుతున్నా ఇక ఆలోచించేది లేదు, మార్చడమే. పైనున్న రబ్బరు తొడుగు చిరిగిందేమో కూడా చూడండి. అది చిరిగితే ఇసుక రాడ్డును గీకుతుంది, గీకిన రాడ్డు సీలును కోస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న చిక్కల్లా, మరక కనిపించేసరికే ఆలస్యమైపోయి ఉండొచ్చు. ఆయిల్ దారిని ఇరుకు చేసే వాల్వులు, పిస్టన్ చుట్టూ ఉండే పట్టీ అరిగిపోయినా ఆయిల్ మొత్తం లోపలే ఉంటుంది, బయటికి ఏ గుర్తూ ఉండదు.

నేను నమ్మేది మూడోదాన్ని: బండి బాగా వేడెక్కాక ఎలా నడుస్తోంది అన్నది. స్ప్రింగు ఊగిసలాటను వేడిగా మార్చి బయటికి వదలడమే కదా స్ట్రట్ పని. పొద్దున్నే బానెట్ మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలితే ఒక్క ఊపుతో ఆగిపోతుంది, బాగానే ఉందనుకుంటాం. ఆ నొక్కుడుకు పిస్టన్ కదిలేదెంత, అదీ ఎంత మెల్లగా! పైగా అప్పటికి ఆయిల్ చల్లగా, చిక్కగా ఉంటుంది. అదే బండిని సామానుతో గంటసేపు గతుకుల్లో తిప్పండి, ఆయిల్ పలచబడుతుంది, ట్విన్ ట్యూబ్ (గొట్టంలో ఇంకో గొట్టం ఉండే) రకంలో అయితే గ్యాసుకీ ఆయిల్‌కీ మధ్య అడ్డు లేదు కాబట్టి నురగ కూడా కడుతుంది, వాల్వు సందుల్లోంచి నురగ పోతుంటే ఇక ఊపును ఆపేదేముంది. కొత్త స్ట్రట్ కూడా కొంచెం మెత్తబడుతుంది, కాదనను. అరిగింది మాత్రం తొందరగా చేతులెత్తేసి, చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలుగా ఉంటుంది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ తప్పు దొరకదు, మనకేమో టెన్షన్ తీరదు.

అందుకని మీకు బాగా తెలిసిన ఒక దారి ముక్కను బయల్దేరగానే ఒకసారి, గంట తర్వాత అదే వేగంతో ఇంకోసారి నడిపి చూడండి. పల్లం దాటాక ముక్కు ఎన్నిసార్లు లేచి పడుతోంది? మలుపులో వెనకభాగం పక్కకు జరుగుతోందా? గతుకుల మీద బ్రేకు వేస్తే చక్రం నేలను పట్టుకుంటోందా, గంతులేస్తోందా? నాకు అన్నిటికంటే ముఖ్యం ఈ చివరిదే, ఎందుకంటే గాల్లో ఉన్న చక్రానికి ఎంత మంచి బ్రేకున్నా ఏం లాభం? ఆగగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఎడమ, కుడి స్ట్రట్లను ఒకే ఎత్తులో చూడండి (చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది). జతలో ఒకటి బాగా చల్లగా ఉందంటే అది పని ఎగ్గొడుతున్నట్టే. నా బండిలో ఎడమది అలాగే దొరికిపోయింది.

ఒక జాగ్రత్త. చిన్న గతుకుల్లో మెల్లగా వెళ్తున్నప్పుడు టక్ టక్ మంటుంటే స్ట్రట్టే అనుకోవద్దు, స్టెబిలైజర్ లింకో (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే లింకు), రబ్బరు బుష్షో, స్ట్రట్‌ను పైన బండికి బిగించే మౌంటో కావచ్చు. బండి ఒక పక్కకు కుంగితే అది స్ప్రింగు గొడవ, కొత్త స్ట్రట్ వేసినా ఎత్తు పెరగదు.

మార్చేటప్పుడు ఒక్కటే మార్చడం దండగ, కనీసం ముందు జతో వెనక జతో వేయించండి. స్ప్రింగుతో సహా బిగించి వచ్చే పూర్తి సెట్టు ఖరీదెక్కువే, కానీ పై మౌంటు, బేరింగు కూడా పాతబడి ఉంటే అదే నయం. స్ప్రింగును సొంతంగా నొక్కి విప్పే పని మాత్రం సరైన పనిముట్టు, అలవాటు లేకుండా పెట్టుకోవద్దు, అది తన్నిందంటే ప్రాణం మీదికొస్తుంది. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పదు. పాతవాటినే విప్పి ఆయిల్ మార్చి బిగించడం విప్పడానికి వీలున్న ఖరీదైన రకాలకు సరే, మామూలుగా బండితో వచ్చేవాటికి పనికిరాదు.

నా వెనక జత ఇంకా పాతదే. పోయినసారి చూస్తే రెండూ సమానంగానే వేడెక్కాయి, కానీ అప్పుడు బండి ఖాళీ. ఈసారి డిక్కీ నిండా సామానుతో వెళ్లినప్పుడు మళ్లీ చూడాలి.