బెంజి పుట్టింటి యాత్ర: మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేయకండి

తెలుగునాట ఎవరికైనా దశ తిరిగిందంటే 'బెంజి కారు కొన్నాడట' అంటారు. విజయవాడలో ఒక కూడలి పేరే బెంజ్ సర్కిల్. అయితే మన రోడ్ల మీద ఆ మూడు కోణాల నక్షత్రాన్ని మామూలు జనం ముందు చూసింది లారీ ముక్కు మీద. 1954లో టాటాల టెల్కో కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారుచేసింది. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది.

జర్మనీ వెళ్లినవాళ్లు చాలామంది స్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఒక పూట గడిపి, నక్షత్రం కింద ఫొటో దిగి, బెంజి చరిత్ర చూసేశామనుకుంటారు. అక్కడ కనిపించేది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న కథ. బండి ఎలా పుట్టిందో తెలియాలంటే మాన్‌హైమ్ వైపు వెళ్లాలి, ఒక మందుల షాపు చూడాలి, ఒక తోటలోని గాజు షెడ్డు చూడాలి. అందుకే మ్యూజియం చివర్లో పెట్టుకోండి. అయిదు రోజులైతే నిదానంగా, నాలుగైతే కొంచెం ఉరుకులతో సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు కిందే దూరప్రయాణాల రైల్వే స్టేషన్, అక్కడి నుంచి ఐసీఈ అనే వేగపు రైల్లో మాన్‌హైమ్ అరగంట. ఇక్కడ ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. ముందే కొన్న చౌక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం ఆలస్యమై రైలు తప్పితే టికెట్ వృథా. విమానం దిగే సమయానికి, రైలుకు మధ్య కనీసం మూడు గంటలు వదలండి, లేదా కాస్త ఎక్కువ పెట్టి ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ కొనండి.

నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ గురించి అందరూ చెబుతారు. 2026 నుంచి దాని ధర 63 యూరోలు. లోకల్, ప్రాంతీయ రైళ్లు, బస్సులు, ట్రాములు అన్నిట్లోనూ చెల్లుతుంది, ఐసీఈలో చెల్లదు. అది చందా పద్ధతిలో నడుస్తుంది. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కార్డు నుంచి పోతాయి. ఇంటికొచ్చాక బ్యాంకు మెసేజ్ చూసి ఉలిక్కిపడేది అందుకే.

మాన్‌హైమ్‌లో బస, లాడెన్‌బుర్గ్‌లో ఒక మధ్యాహ్నం

బస విషయంలో హైడెల్‌బెర్గా, మాన్‌హైమా అన్న ప్రశ్న వస్తుంది. హైడెల్‌బెర్గ్ అందమైన ఊరు, గదులు ఖరీదు, సందడి ఎక్కువ. మాన్‌హైమ్ చూడ్డానికి అంతంతమాత్రం, కానీ రైళ్లన్నీ కలిసే చోటు, గదుల ధరలు కాస్త తగ్గుతాయి. కారు యాత్రకైతే మాన్‌హైమ్ స్టేషన్ దగ్గరే దిగడం తెలివైన పని. ఊరి నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. చదరంగం గడుల్లా బ్లాకులకు అక్షరం, అంకె ఉంటాయి. బెంజి కంపెనీ మూలపురుషుల్లో ఒకడైన కార్ల్ బెంజ్ తొలి వర్క్‌షాపు టి6లో ఉండేది.

1886 జనవరి 29న బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు, దాని నంబరు 37435. ఆ జులైలో మాన్‌హైమ్ వీధిలో జనం మధ్య నడిపాడు. 954 సీసీ, ఒక్క సిలిండరు, ఒక్క గుర్రపు శక్తి కూడా లేని ఇంజను, గంటకు 16 కిలోమీటర్ల వేగం. ఆ పేటెంటు పత్రాన్ని 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మాన్‌హైమ్ నుంచి పావుగంట రైలు ప్రయాణంలో లాడెన్‌బుర్గ్. బెంజ్ చివరి రోజులు ఇక్కడే గడిపి 1929లో కన్నుమూశాడు. కొడుకులతో కలిసి పెట్టిన పాత ఫ్యాక్టరీ భవనంలోనే ఇప్పుడు డాక్టర్ కార్ల్ బెంజ్ ఆటో మ్యూజియం ఉంది. బుధ, శని, ఆదివారాల్లో, అదీ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకానే తెరుస్తారు. బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. సోమవారం ఈ ఊరికి రావడమంటే మూసిన గేటుకు ఫొటో తీసుకోవడమే. స్టుట్‌గార్ట్ మ్యూజియం మెరుపు ఇక్కడ లేదు గానీ, బళ్లకు దగ్గరగా నిలబడి చూడొచ్చు, తొక్కిసలాట ఉండదు. నెకార్ నది దగ్గర బెంజ్ ఇంటి తోటలో 1910లో కట్టిన కారు షెడ్డు ఉంది. చిన్న కోట బురుజులా ఉంటుంది. లోకంలోనే మొదటి గ్యారేజీ అని ఊరివాళ్ల గర్వం.

బెర్తా దారి

ఈ యాత్రలో అసలు సరుకు ఇదే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులు ఓయ్‌గెన్‌ను, రిచర్డ్‌ను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్ట్స్‌హైమ్‌కు బండి నడుపుకుంటూ వెళ్లింది. దాదాపు 105 కిలోమీటర్లు. ఆ కంపెనీలో ఆవిడ డబ్బు కూడా ఉంది. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము ఇప్పించి, గొడవపడుతున్న భాగస్వామి వాటాను బెంజ్ కొనుక్కునేలా చేసింది. బండి అమ్ముడుపోవడం లేదని, మొగుడు దిగాలుగా కూర్చున్నాడని తెలిసిన మనిషి ఆవిడ.

దారిలో వచ్చిన రిపేర్లు వింటే ఆ బండి ఎలా పనిచేసేదో అర్థమవుతుంది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పొడవాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ ఒరిసిపోతే మేజోడు బిగించుకునే పట్టీ చుట్టింది. ఇంజను చల్లబరచడానికి ఈనాటి రేడియేటరు లాంటిది లేదు, నీళ్లు మరిగి ఆవిరైపోతూ వేడిని లాక్కుపోవాలి, అందుకే దారి పొడవునా నీళ్లు పోస్తూనే ఉండాలి. చెక్క బ్రేకులు అరిగిపోతే బౌష్‌లాట్ ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన చేత తోలు ముక్కలు కొట్టించింది. ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడు కొడుకులు దిగి నెట్టారు. తిరిగొచ్చాక ఆవిడ చెప్పిన మాట మీద ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు చేర్చారు. ఇప్పటి టెస్ట్ డ్రైవ్ రిపోర్టు ఇంతకన్నా ఏం రాస్తుంది!

ఇంధనం లిగ్రోయిన్, మరకలు తీయడానికి మందుల షాపుల్లో అమ్మే ద్రవం. వీస్‌లోఖ్‌లోని ష్టాట్ అపోథెకెలో కొన్నది. ఆ షాపుకు లోకంలోనే తొలి పెట్రోలు బంకు అన్న పేరు. ముందు స్మారక శిల్పం ఉంది, చూడ్డానికి ఇరవై నిమిషాలు చాలు. రైల్లో వస్తే దిగాల్సిన స్టేషన్ వీస్‌లోఖ్-వాల్‌డోర్ఫ్, అది ఊరికి మూడు కిలోమీటర్ల పైచిలుకు, బస్సు పట్టుకోవాలి. వాల్‌డోర్ఫ్ అంటే శాప్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసి ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు ఈ స్టేషన్ కొత్త కాదు, ఆ మందుల షాపు గురించి మాత్రం చాలామందికి తెలియదు.

2008 నుంచి ఈ దారికి బెర్తా బెంజ్ స్మారక మార్గమని బోర్డులు పెట్టారు. రానూపోనూ 194 కిలోమీటర్లు. రైళ్లతో ముక్కలు ముక్కలుగా చూడొచ్చు, కానీ కారైతేనే బాగుంటుంది. మొత్తం ఒక్క రోజులో నడిపేయవచ్చు, అయితే ఊరూరా ఆగితే సాయంత్రం ఏడవుతుంది. వెళ్లేటప్పుడు హైడెల్‌బెర్గ్, వీస్‌లోఖ్, బ్రుఖ్‌జాల్ మీదుగా ఫోర్ట్స్‌హైమ్, వచ్చేటప్పుడు బౌష్‌లాట్, బ్రెటెన్, హాకెన్‌హైమ్. నావిగేషన్‌లో ఫోర్ట్స్‌హైమ్ అని కొడితే అది నేరుగా ఆటోబాన్ అనే హైవే ఎక్కించేస్తుంది. ఆటోబాన్ వద్దని సెట్ చేసుకుని, ఊళ్లను ఒక్కొక్కటిగా ఎంచుకోండి.

కారు అద్దెకు తీసుకునేటప్పుడు మూడు నాలుగు సంగతులు. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ వెంట ఉంచుకోవాలి. డిపాజిట్‌కు నడిపే మనిషి పేరు మీద క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డును చాలా కౌంటర్లు ఒప్పుకోవు. ఆటోమేటిక్ కావాలంటే బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. బుకింగ్‌లో మెర్సిడెస్ బొమ్మ ఉన్నా కింద 'లేదా అలాంటిది' అని ఉంటుంది. బెంజి పుట్టింటికి బీఎండబ్ల్యూలో వెళ్లాల్సి రావచ్చు, వాదించి లాభం లేదు. ఇక పల్లెల్లో బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండిదే ముందు హక్కు. మనం పెద్ద రోడ్డు మీదున్నామని దూసుకుపోతే తప్పు మనదే అవుతుంది.

స్టుట్‌గార్ట్: గాజు షెడ్డు, తర్వాత మ్యూజియం

మాన్‌హైమ్ నుంచి స్టుట్‌గార్ట్ ఐసీఈలో దాదాపు 40 నిమిషాలు. ప్రధాన స్టేషన్‌లో ఏళ్లుగా నిర్మాణం సాగుతోంది. ప్లాట్‌ఫారం నుంచి బయటికి నడక ఎక్కువ, రైలు మారడానికి పది నిమిషాలే ఉంటే పెట్టెలతో కష్టం.

కంపెనీకి రెండో మూలపురుషుడు గాట్‌లీబ్ డైమ్లర్ కథ ఇక్కడిది. 1882లో బాడ్ కాన్‌ష్టాట్‌లో ఇల్లు కొని, తోటలోని గాజు మొక్కల షెడ్డును వర్క్‌షాపుగా మార్చి, విల్‌హెల్మ్ మైబాఖ్‌తో కలిసి తిరుగుడు వేగం ఎక్కువుండే చిన్న ఇంజను తయారుచేశాడు. రాత్రింబవళ్లు తలుపులు మూసుకుని పనిచేస్తుంటే దొంగ నాణేలు కొడుతున్నారేమోనని తోటమాలి అనుమానపడ్డాడు, పోలీసులు సోదాకు వచ్చారు. దొరికింది ఇంజను. ఆ షెడ్డు ఇప్పుడు ఉచితంగా చూడొచ్చు. యూ2 ట్రాము ఎక్కి కుర్జాల్ దగ్గర దిగి పార్కులోకి నడవాలి. మామూలు రోజుల్లో మధ్యాహ్నమే తెరుస్తారు, సోమవారం సెలవు. పెద్ద పడకగదంత చోటు, పనిబల్ల, కొలిమి, పనిముట్లు. డైమ్లర్, మైబాఖ్ ఇద్దరి సమాధులూ దగ్గర్లోని ఉఫ్ శ్మశానంలోనే ఉన్నాయి.

బెంజ్, డైమ్లర్ కలిసి పనిచేసినవాళ్లు కాదు, పోటీదారులు. డైమ్లర్ 1900లో పోయాడు. నీస్ నగరంలో కార్లు అమ్మే ఎమిల్ యెల్లినెక్ తన కూతురు మెర్సిడెస్ పేరును డైమ్లర్ బళ్లకు పెట్టించాడు, 1902లో అది రిజిస్టరైంది. రెండు కంపెనీలూ కలిసింది 1926లో. అంటే పేరులో సగం ఒక అమ్మాయిది, సగం పోటీదారుడిది.

మ్యూజియానికి ఎస్1 రైల్లో నెకార్‌పార్క్ స్టేషన్. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు, టికెట్ కౌంటర్ అయిదుకు మూస్తారు, సోమవారం సెలవు. 2006లో తెరిచిన ఈ భవనంలో లిఫ్టు పైకి తీసుకెళ్లి వదిలితే, మెలికలు తిరిగిన రెండు దారుల్లో కిందికి దిగాలి. ఒకటి కాలక్రమంలో చెప్పే ఏడు చరిత్ర గదులు, రెండోది లారీలు, బస్సులు, ప్రముఖుల కార్లతో అయిదు గదులు. ప్రతి అంతస్తులోనూ దారి మారవచ్చు. నాలుగు గంటలు పెట్టుకోండి. చాలామంది పై అంతస్తులో గంటన్నర గడిపి, చివరనున్న రేసు కార్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఈడ్చుకుంటూ ఉంటారు. పైన ముప్పావు గంట చాలు. అయితే బెంజ్ బండి వెనక పడుకోబెట్టిన పెద్ద ఫ్లైవీలును, అంటే ఇంజను తిరుగుడును నిలకడగా ఉంచే బరువైన చక్రాన్ని, మాత్రం తీరిగ్గా చూడండి. దాన్ని నిలువుగా పెడితే మలుపుల్లో స్టీరింగును ఇబ్బంది పెడుతుందని బెంజ్ భయం. స్టార్ట్ చేయాలంటే దాన్నే చేత్తో తిప్పాలి.

మూడో గదిలో తొందరపడకండి. 1944లో డైమ్లర్ బెంజ్‌లో పనిచేసిన 63,610 మందిలో దాదాపు సగం బలవంతపు కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల మనుషులు. పక్కనున్న మెరిసే కార్ల మీద నుంచి చూపు తిప్పుకోవడం కష్టం, ఆ గదికి ఉన్న లోపం అదే. అయిదో గది భద్రతది. గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగి లోపలి మనిషిని కాపాడే బాడీకి కంపెనీ ఇంజనీరు బేలా బారెన్యీ వేసిన పునాది, 1978లో ఎస్ క్లాసుకు వచ్చిన ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), తర్వాతి ఎయిర్‌బ్యాగు. కంపెనీ పేరు నిలబెట్టినవి ఇవి. 1976 నుంచి పదేళ్లలో 27 లక్షల దాకా తయారైన డబ్ల్యూ123 మోడల్ కూడా. జర్మనీలో టాక్సీ అంటే చాలాకాలం అదే.

పేరుకు తగిలిన దెబ్బలను మనమే గుర్తుపెట్టుకుని వెళ్లాలి. 1955 ల మాన్ రేసులో మెర్సిడెస్ కారు జనం మీదికి ఎగిరి 80 మందికి పైగా చనిపోయారు, ఆ ఏడాది చివరికి కంపెనీ రేసుల నుంచి తప్పుకుంది. 1997లో కొత్త ఎ క్లాసు, అడ్డొచ్చిన జంతువును తప్పించే స్వీడన్ పరీక్షలో బోల్తా పడింది, దాంతో ఆ చిన్న కారుకు కూడా బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ తప్పనిసరి చేశారు. ఆ కాలపు ఇ క్లాసులకు తుప్పు. 2005లో 13 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. 'బెంజి అంటే చెడిపోదు' అన్న మాటను కంపెనీ డబ్ల్యూ123, దాని తర్వాతి డబ్ల్యూ124ల మీద సంపాదించింది. ఆ తర్వాతి ప్రతి మోడల్‌కూ అది దానంతటదే వర్తించదు.

గదులు, తిండి

కాన్‌ష్టాట్‌లో బస మ్యూజియానికి దగ్గర. కానీ సెప్టెంబరు చివర మొదలయ్యే ఫోక్స్‌ఫెస్ట్ జాతర రోజుల్లో, వసంతకాలపు జాతరలో గదుల రేట్లు కొండెక్కుతాయి. పక్కనే స్టేడియం, మ్యాచ్ ఉన్న రోజు రైళ్లు కిక్కిరిసిపోతాయి. అలాంటప్పుడు స్టుట్‌గార్ట్ దగ్గరి బోబ్లింగెన్ ఊరు మేలు. అక్కడ పాత విమానాశ్రయంలో మోటర్‌వరల్డ్ ఉంది, ప్రవేశం ఉచితం, గాజు పెట్టెల్లో జనం దాచుకున్న పాత కార్లు కనిపిస్తాయి. ఆ ఆవరణలోని వీ8 హోటల్లో కారు బాడీలతో చేసిన మంచాలున్న గదులున్నాయి. పిల్లలుంటే ఒక్క రాత్రికి సరదా, రెండో రాత్రికి మామూలు గది చాలు. జర్మనీలో చాలా హోటళ్లలో ఏసీ ఉండదు, జులైలో వెళ్లేవాళ్లు అడిగి బుక్ చేయండి.

స్టుట్‌గార్ట్ పర్యాటకుల కార్డు స్టుట్‌కార్డ్ తీసుకుంటే మెర్సిడెస్, పోర్షే మ్యూజియాలు రెండూ అందులోనే చూడొచ్చు. రెండూ చూసేవాళ్లకే అది గిట్టుబాటు.

శాకాహారులకు కేజెష్పెట్సలె, అంటే చీజ్ వేసిన పిండి వంటకం, దొరుకుతుంది. కానీ ఆ పిండిలో గుడ్డు ఉంటుంది. మౌల్‌టాషెన్ చూడ్డానికి కజ్జికాయలా ఉంటుంది, లోపల మామూలుగా మాంసం, కూరగాయలది కావాలని ప్రత్యేకంగా అడగాలి. పప్పు అని ఆశపడి లిన్‌జెన్ చెబితే పక్కన సాసేజీ వస్తుంది. ఆదివారం దుకాణాలు మూత, శనివారమే సరుకులు తెచ్చుకోండి.

పూట మిగిలితే బోబ్లింగెన్ పక్కనే జిండెల్‌ఫింగెన్. 1915 నుంచి ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఫ్యాక్టరీ లోపలికి ముందుగా బుక్ చేసుకుంటేనే. అది కుదరకపోతే ఊళ్లోకి వెళ్లి రోడ్డు దాటండి. కంపెనీ కట్టిన పన్నులు పొంగిపొర్లిన రోజుల్లో ఈ ఊరు జీబ్రా గీతలకు తెల్ల రంగు వేయలేదు, ఇటలీ కరారా నుంచి పాలరాయి తెప్పించి పరిచింది.