ఔటర్ మీద హాయి, దిగితే అవస్థ: హైదరాబాద్ హైవేల మీద ఓ రోజువారీ ప్రయాణికుడి సమీక్ష

ఇల్లు వనస్థలిపురం, ఆఫీసు నానక్‌రామ్‌గూడ. సొంతూరు సూర్యాపేట దగ్గర, అక్కావాళ్లుండేది కొంపల్లిలో. అందుకే హైదరాబాద్ చుట్టూ నేను తిరగని పెద్ద రోడ్డంటూ దాదాపు లేదు. మొదట్లో బైకు మీద తిరిగాను, తర్వాత కారు కొన్నాను. మొత్తం మీద పదేళ్లు దాటింది. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నాను: ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దాదాపు ఏ చిక్కూ లేదు. ఎక్కే ముందు, దిగిన తర్వాత ఉండే ఆ మూడు నాలుగు కిలోమీటర్లలోనే టైమూ ఓపికా అయిపోతాయి. రోడ్డు కట్టడం మీద పెట్టిన శ్రద్ధ, ఆ రోడ్డు ఊరితో కలిసేచోట పెట్టలేదు.

ముందు బాగున్న సంగతి. ఔటర్ అంటే సిటీ చుట్టూ 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. సిగ్నల్ ఉండదు, యూటర్న్ ఉండదు, గల్లీలోంచి ఆటో సడన్‌గా దూసుకురాదు. గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క 2008లో తెరిచారు. కండ్లకోయ జంక్షన్ 2018లో పూర్తయ్యాకే చుట్టు మొత్తం కలిసింది. విజయవాడ, వరంగల్, కరీంనగర్, నాగపూర్, ముంబై, బెంగళూరు, శ్రీశైలం, సాగర్... ఏ దారిలో వచ్చినా ఔటర్ తగులుతుంది, సిటీలోకి రాకుండానే ఇంకో హైవే పట్టుకోవచ్చు. ఒకప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో లోడు లారీల మధ్య బైకు ఇరికించుకుని వెళ్లినవాళ్లకు ఇది ఎంత పెద్ద మేలో తెలుస్తుంది.

నాకు ఆఫీసుకు రెండు దారులు. ఒకటి సిటీలోంచి: ఎల్బీనగర్, ఒవైసీ జంక్షన్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్. రెండోది పెద్ద అంబర్‌పేటలో ఔటరెక్కి, బొంగుళూరు, తుక్కుగూడ, శంషాబాద్ మీదుగా చుట్టు తిరిగి రావడం. రెండోదాంట్లో దూరం రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది, టోల్ అదనం, పెట్రోలు సరేసరి. అయినా ముఖ్యమైన మీటింగ్ ఉన్నరోజు ఔటరే ఎక్కుతాను. సిటీ దారిలో ఎప్పుడు చేరతామో చెప్పలేం, ఔటర్ మీద పది నిమిషాలు అటూఇటుగా చెప్పొచ్చు. ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడైతే ఇక ఆలోచించే పనే లేదు.

స్పీడ్ లిమిట్ 2023లో 120కి పెంచారు. కుడివైపు రెండు లేన్లలో 80 నుంచి 120, ఎడమవైపు రెండింట్లో 40 నుంచి 80. కాగితం మీద చక్కగా ఉంది. రోడ్డు మీద మాత్రం ఒక లారీని ఇంకో లారీ ఓవర్‌టేక్ చేయడానికి కుడి లేన్లోకొచ్చి, రెండూ పక్కపక్కనే కిలోమీటరు దూరం నడుస్తాయి. వెనక 110లో వస్తున్న కారు బ్రేక్ మీద నిలబడాల్సిందే. కొత్తగా ఔటర్ ఎక్కేవాళ్లకు నా సలహా, 100 దాటకండి. ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కేముందు టైర్లలో గాలి చూపించుకోండి. అరిగిన టైర్లతో అసలు ఎక్కొద్దు.

అన్నిటికంటే భయపెట్టేది ఆగి ఉన్న లారీ. నటుడు రవితేజ తమ్ముడు భరత్ 2017లో శంషాబాద్ దగ్గర చనిపోయింది అలా ఆగి ఉన్న లారీని ఢీకొనే. అప్పట్లో లైట్లున్నది గచ్చిబౌలి–శంషాబాద్ వైపే. తుక్కుగూడ దాటితే పెద్ద అంబర్‌పేట దాకా చీకటి. 2021 చివర్లో మిగతా చుట్టూ లైట్లు వచ్చాయి, ఆ తేడా రాత్రి షిఫ్ట్ ముగించుకుని వచ్చే నాలాంటివాళ్లకు బాగా తెలుసు. అయినా ఎగ్జిట్‌ల దగ్గర లారీలు ఇప్పటికీ ఆగుతూనే ఉన్నాయి. వెనక చక్రం కింద రాయి, పది అడుగుల వెనక విరిచి పడేసిన వేపకొమ్మ, అదే హెచ్చరిక. ఇండికేటర్ వెయ్యరు, వెనక రిఫ్లెక్టర్ ఉంటే దుమ్ము పట్టి ఉంటుంది. డ్రైవర్‌ను కూడా అనలేం, రాత్రంతా నడిపినవాడికి కునుకు తియ్యడానికి చోటు కావాలి. 158 కిలోమీటర్ల చుట్టులో లారీలు నిలిపి పడుకోవడానికి సరిపడా జాగాలు కట్టి ఉంటే ఆ కొమ్మతో పని ఉండేది కాదు.

ఇక దిగడం. పొద్దున తొమ్మిదిన్నరకు నానక్‌రామ్‌గూడ ఎగ్జిట్ చూడండి. టోల్ గేటు దగ్గర మొదలైన లైను ర్యాంపంతా నిండి మెయిన్ రోడ్డు ఎడమ లేన్ దాకా వస్తుంది. పక్క లేన్లో బండ్లు వందలో పోతుంటే మనం ఆగి ఉంటాం, అద్దంలో వెనక్కి చూసుకుంటూ. గేటు దగ్గర ముందు కారతను ఫాస్టాగ్ అద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని కెమెరాకు చూపిస్తుంటాడు, స్కానర్ తీసుకోదు, సిబ్బంది మెషీన్ పట్టుకుని పరిగెత్తుకొస్తారు, లోపల బ్యాలెన్స్ ఉండదు. ఆ ఒక్క కారుతో వెనకున్నవాళ్లందరికీ లేటు. 2023లో నార్సింగి ఇంటర్‌ఛేంజ్ తెరిచాక కొంత ఊపిరాడింది. కోకాపేట, నార్సింగి వైపు పనున్నవాళ్లు అక్కడే దిగిపోతున్నారు. అయితే దిగాక ఎక్కడికెళ్లినా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లే కదా, అవి అక్కడి ఆఫీసు టవర్లకు సరిపోవడం లేదు.

ఒక చిన్న సంగతి, ఎగ్జిట్ నంబర్లు గుర్తుపెట్టుకోండి. విజయవాడకు 11, వరంగల్‌కు 9, ఎయిర్‌పోర్టుకు 16, ముంబైకి 3. ఒకటి దాటేస్తే వెనక్కి రావడం కుదరదు, తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాల్సిందే. ఎప్పుడూ రివర్స్ మాత్రం చేయకండి. చేసేవాళ్లను కళ్లారా చూశాను, ఒళ్లు జలదరిస్తుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది సర్వీసు రోడ్డు. ఔటర్ మీదికి బైకులు, ఆటోలు రానివ్వరు. ఆ వేగాల మధ్య రానివ్వకపోవడమే న్యాయం. కానీ వాళ్లకు ఇచ్చిన దారి ఎలా ఉంది? నేను బైకు మీద వెళ్లిన రోజుల్లో చూసిందే ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. కొంతదూరం సాఫీగా సాగుతుంది, రైలు పట్టాలు అడ్డొచ్చిన చోట తెగిపోతుంది, ఊళ్లోకి తిప్పుకుని మళ్లీ పట్టుకోవాలి. ఇంటర్‌ఛేంజ్ కింద టిప్పర్ల నుంచి జారిన కంకర, దానిమీద బైకు చక్రం జారుతుంది. ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బండి హైబీమ్. హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే రాజేంద్రనగర్ ఎగ్జిట్ దగ్గర సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొచ్చి దారే మూసేస్తారు. కోకాపేటలో టవర్లు కట్టే మేస్త్రీలు, వాటికి కాపలా ఉండే వాచ్‌మెన్లు, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు, అందరూ తిరిగేది ఈ దారినే. రాత్రి పదకొండుకు షిఫ్ట్ దిగి ఇంటికెళ్లే సెక్యూరిటీ గార్డుకు పైన ఎనిమిది లేన్లలో వెలిగే లైట్ల వల్ల ఒరిగేదేమీ లేదు. 2023లో ఔటర్‌ను ముప్పై ఏళ్లకు లీజుకిస్తే 7,380 కోట్లు వచ్చాయి. అందులో ముందు ఖర్చు పెట్టాల్సింది ఈ సర్వీసు రోడ్ల మీదే అని నా గట్టి అభిప్రాయం.

సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మాత్రం నాకు చాలా ఇష్టం. ఆదివారం పొద్దున్నే మా అమ్మాయిని తీసుకెళ్తాను. నీడలో బెదురు లేకుండా తొక్కుతుంది. ఇలాంటిది తూర్పు వైపు, మా పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్ వైపు కూడా రావాలి.

లోపలి రోడ్ల గురించి క్లుప్తంగా. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పిల్లర్ల మీద కట్టిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, 11.6 కిలోమీటర్లు, 2009 నుంచి వాడకంలో ఉంది. అత్తాపూర్, ఉప్పర్‌పల్లిలో ఎవరింటి అడ్రస్ అడిగినా ముందు పిల్లర్ నంబరే చెబుతారు. పైన హాయి, మెహదీపట్నంలో దిగగానే మళ్లీ అదే కథ. బెంగళూరు హైవే ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా వెడల్పయ్యాక బాగుంది గానీ, గట్టి వాన పడితే గగన్‌పహాడ్ పేరు వింటేనే నాకు టెన్షన్. 2020 అక్టోబరు వరదలో అప్ప చెరువు తెగి ఆ హైవే మీదనుంచి పారింది, మనుషులు కొట్టుకుపోయారు. ఉప్పల్ నుంచి నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. పిల్లర్లు లేచి ఏళ్లు గడిచాయి, కింద రోడ్డు ఇరుకైపోయి దుకాణాలవాళ్లు దుమ్ము తిన్నారు. అందుకే కొంపల్లి వెళ్లాలంటే ఉప్పల్ వైపు తొంగికూడా చూడను. ఔటర్ మీద ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట దాటి మేడ్చల్ ఎగ్జిట్‌లో దిగి వెనక్కి వస్తాను. అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డు ఇంకో దిగులు. అంత ట్రాఫిక్‌కు రెండు లేన్లు చాలవు, 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దిన ఘోరం మరిచిపోలేం. ఆ రోడ్డు పక్కనున్న మర్రిచెట్లనూ నిలబెట్టాలి, రోడ్డూ వెడల్పు కావాలి. రెండూ కుదిరే పనే, కాస్త పక్కకు జరిపి కట్టాలి.

చివరగా పండగ దారి. సంక్రాంతికి రెండు రోజుల ముందు హయత్‌నగర్ నుంచి పంతంగి టోల్ గేటు దాకా బండ్లు బారులు తీరతాయి, మీకు తెలిసిందే. విజయవాడ వైపు వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేటలో దిగకుండా ఘట్‌కేసర్‌లో దిగండి. భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాలలో హైవే కలుస్తుంది, పంతంగి అప్పటికే వెనకబడిపోతుంది. గుంటూరు, మాచర్ల వాళ్లు బొంగుళూరులో దిగి సాగర్ రోడ్డు పట్టుకోండి. రెండు దార్లలోనూ ఊళ్లు తగులుతాయి, స్పీడ్ బ్రేకర్లకు తెల్లగీతలు ఉండవు. చీకటి పడకముందే బయల్దేరితే మంచిది.