హేమకుండ్‌కి ఒక రాత్రి ఎక్కువ పెట్టండి

బదరీనాథ్ ప్యాకేజీ కాగితాల్లో హేమకుండ్, అంటే ఉత్తరాఖండ్ కొండల మీద సరస్సు ఒడ్డునున్న సిక్కుల గురుద్వారా, ఒక్క గీతలో అయిపోతుంది: "ఆరో రోజు గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్ దర్శనం, రాత్రికి తిరిగి గోవింద్‌ఘాట్." ఆ గీత రాసినాయన్ని ఒక్కసారి ఆ కొండ ఎక్కించాలి. జీపులు ఆగిపోయే పుల్నా నుంచి, దారిలో బస చేసే ఊరు ఘాంగరియాకి దాదాపు పది కిలోమీటర్ల నడక, అక్కణ్ణుంచి సరస్సుకి మరో ఆరు. పోనూ రానూ ముప్ఫై రెండు. గోవింద్‌ఘాట్ సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, సరస్సు 4,300 పైచిలుకు. ఒక్క పగట్లో రెండున్నర వేల మీటర్లు ఎక్కి దిగడమంటే అది దర్శనం కాదు, శిక్ష. మా చేతికొచ్చిందీ అలాంటి కాగితమే. దాన్ని పక్కన పడేసి, ఘాంగరియాలో మూడు రాత్రులు పెట్టుకున్నాం. అందులో ఒకటి లాడ్జీవాడు పాడుచేశాడు, అది తర్వాత చెప్తాను.

ముందు నెల తేల్చుకోండి. దారి మే చివరి వారంలో తెరుస్తారు, అక్టోబరు రెండో వారానికల్లా మూసేస్తారు. తెరిచిన కొత్తలో వెళ్తే సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంటుంది. అట్లాకోటి దగ్గర సైన్యం మంచుని నరికి తీసిన సందులోంచి నడవాలి. మంచు చూడని మనవాళ్ళకి సరదాగానే ఉంటుంది గానీ, నున్నటి అడుగుల బూట్లేసుకుంటే పిరుదుల మీదే ప్రయాణం. జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా ఘాంగరియా పక్కనున్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) నిండుగా ఉంటుంది, వాన కూడా అంతే నిండుగా ఉంటుంది. నీళ్ళలో కొండల నీడ కనపడాలంటే సెప్టెంబరు రెండో వారం దాటాక వెళ్ళండి. బ్రహ్మకమలాలూ కావాలి, తేట నీళ్ళూ కావాలి అంటే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి పది రోజుల్లో అదృష్టం పరీక్షించుకోవాలి.

హైదరాబాదు నుంచైనా విశాఖ నుంచైనా ఢిల్లీ దాకా, అక్కణ్ణుంచి హరిద్వార్ దాకా రైలు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. కథ రుషీకేశ్ దాటాకే మొదలవుతుంది. రుషీకేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లు. కాగితం మీద మన విజయవాడ–హైదరాబాదు కన్నా కొంచెం తక్కువే, బస్సులో మాత్రం పది గంటలు. బస్సులు తెల్లవారుజామునే బయల్దేరతాయి, ఎనిమిదికి తీరిగ్గా వస్తే టాక్సీవాడే దిక్కు. జోషీమఠ్ పేరు 2024లో జ్యోతిర్మఠ్ అని మార్చారు. బస్సుల మీద ఏ పేరున్నా కంగారుపడకండి, ఊరొకటే. వానల్లో శ్రీనగర్ (కశ్మీరుది కాదు, ఈ దారిలోదే), రుద్రప్రయాగల మధ్య సిరోబగడ్ దగ్గరా, జోషీమఠ్‌కి ముందు పాగల్ నాలా దగ్గరా కొండచరియలు విరిగిపడుతుంటాయి. జేసీబీ వచ్చి మట్టి తీసేదాకా కూర్చోవడమే. అందుకే తిరుగు రైలుకి ముందు ఒక ఖాళీ రోజు ఉండి తీరాలి. దాన్ని "వేస్టు" అనే చుట్టం ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. వినకండి.

చార్‌ధామ్ యాత్రకి చేయించే ఉచిత రిజిస్ట్రేషనులోనే హేమకుండ్ సాహిబ్ కూడా ఉంటుంది, దాన్ని విడిగా టిక్కు పెట్టాలి. బదరీనాథ్‌కి చేయించుకున్నాం కదా, సరిపోతుందనుకుని చాలామంది అక్కడ ఇరుక్కుంటారు. డబ్బు జోషీమఠ్‌లోనే తీసుకోండి. పైన సిగ్నల్ ఉంటే ఫోన్ చెల్లింపు, లేకపోతే నోటే.

గోవింద్‌ఘాట్ గురుద్వారాలో సామాను దాచే గది ఉంది. పెద్ద పెట్టెలు అక్కడ పడేసి, మనిషికి ఐదారు కిలోలకి మించకుండా ఒక్క సంచీతో కదలండి. అక్కణ్ణుంచి పుల్నా నాలుగు కిలోమీటర్లు, స్థానిక జీపులో మనిషికి 60 తీసుకున్నారు. పుల్నాలో ఇనుప మొన ఉన్న కర్ర 50 రూపాయలు. బేరమాడకుండా కొనండి, యాత్ర మొత్తంలో ఇంత పనికొచ్చే వస్తువు ఇంకోటుండదు. ప్లాస్టిక్ వానకోటు కూడా 50కే ఇస్తారు, అది మాత్రం కొనకండి. గంటలో చంకల దగ్గర చిరుగుతుంది, చిరిగేలోపు లోపల చెమటతో తడిపేస్తుంది. సంచీతో సహా కప్పే పోంచో ఇంటి దగ్గరే కొనుక్కోండి. సంచీ మీద కవరొక్కటి చాలదు. బట్టల్ని లోపల పాలిథిన్ సంచుల్లో వేసి ముడివేయాలి, వాననీళ్ళు వీపు వైపు నుంచి దిగుతాయి.

పుల్నా నుంచి భ్యూండార్ ఊరి దాకా దారి మెత్తగా ఎక్కుతుంది. అక్కడ వంతెన దాటాక చివరి మూడు కిలోమీటర్లు గట్టిగా ఎక్కుతుంది. 2013 వరద పాతదారిని చాలావరకు ఊడ్చుకుపోయింది, ఇప్పుడు నడిచేది తర్వాత వేసింది. మామూలు నడకవాళ్ళకి ఐదారు గంటలు. దారిలో అసలు ఇబ్బంది ఎక్కుడు కాదు, కంచరగాడిదలు. అవి ఎదురొచ్చినా వెనకొచ్చినా కొండ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ కాదు. వాటి మీది సంచులు తగిలితే చాలు, మనిషి కిందికి పోతాడు. వానపడితే పేడా మట్టీ కలిసి రాళ్ళ మీద జారుడు పూత పడుతుంది. అప్పుడు రాతి నడిమి మీద కాకుండా రాళ్ళ మధ్య సందుల్లో అడుగేయాలి. గాడిద కావాల్సినవాళ్ళు కౌంటరులో రేటు చూసి, చీటీ రాయించుకుని ఎక్కండి. సగందారిలో అలిసిపోయిన మొహంతో అడిగితే రేటు ఆ మొహాన్ని బట్టే ఉంటుంది.

ఇక ఆ లాడ్జీ. ఊళ్ళో అడుగుపెట్టేసరికి సాయంత్రం నాలుగు, సన్నటి వాన. "24 గంటలు వేడినీళ్ళు" అని బోర్డు. గది 2,500 అన్నాడు, 2,200కి దిగాడు, మేం గెలిచామనుకున్నాం. స్నానాలగదిలో గీజరుంది, దానికి కరెంటు లేదు. ఆ ఊళ్ళో కరెంటు ఉండే వేళలు వేరు, గీజర్లు నడిచేంత ఉండే వేళలు వేరు. బకెట్టు వేడినీళ్ళు 100. రజాయి కప్పుకున్న పావుగంటకి తెలిసింది, అది చల్లగా లేదు, తడిగా ఉంది. పత్తి లోపలి దాకా చెమ్మ పట్టిన రజాయి ఎంత కప్పుకున్నా ఒంట్లో వేడిని లాగేస్తుందే తప్ప ఇవ్వదు. జట్టులో అరవై దాటిన అక్కయ్యగారు రాత్రంతా స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని గోడకానుకుని కూర్చున్నారు. పొద్దున్నే లాడ్జీవాణ్ణి నిలదీస్తే, "కొండ కదమ్మా" అన్నాడు. కొండైతే మాత్రం, ఎండొచ్చిన పూట రజాయి ఆరేయొద్దా?

కాబట్టి ఘాంగరియాలో గది చూసే పద్ధతి ఇదీ. అద్దె మాట్లాడే ముందే మంచం దగ్గరికి వెళ్ళి, రజాయి మడత మధ్యలోకి అరచెయ్యి దూర్చి పదంకెలు లెక్కపెట్టండి. చెయ్యి వెచ్చబడకపోతే బయటికొచ్చేయండి. పరుపు అడుగు ఎత్తి వాసన చూడండి. కింది అంతస్తు వద్దు, నేల చెమ్మ. గాడిదలు కట్టే చోటికి దగ్గరగా ఉన్న గది అసలే వద్దు, తెల్లవారుజామున మూడు నుంచే గంటలు మోగుతాయి.

మరునాడు గురుద్వారాకి మారాం. అక్కడ అద్దె లేదు, మనకి తోచింది హుండీలో వేయడమే. పెద్ద హాలు, వరసగా పడకలు, మనిషికి అడిగినన్ని కంబళ్ళు. జనం ఎక్కువ కాబట్టే హాలు వెచ్చగా ఉంటుంది, కంబళ్ళు రోజూ చేతులు మారతాయి కాబట్టే చెమ్మపట్టవు. గురకలుంటాయి, పిల్లల ఏడుపులుంటాయి, చెవుల్లో దూది పెట్టుకోండి. తలకి గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు బయట జోడాఘర్‌లో ఇవ్వాలి, సిగరెట్టూ మందూ దగ్గరుంచుకోకూడదు. ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ ఉన్నారంటే వీలునుబట్టి గదులూ ఇస్తారు. లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా పెట్టే వంటశాలలో, రొట్టె, పప్పు, వేడి టీ. మొదటి రాత్రి అలిగి కూర్చున్న అక్కయ్యగారు ఇక్కడ రెండో గ్లాసు టీ అడిగి తాగారు, జట్టు వాతావరణం అప్పుడు మారింది.

మధ్య రోజు పూలలోయకి కేటాయించండి, పూల కోసమొక్కటే కాదు. 3,000 మీటర్ల ఎత్తున ఒక రోజు నడిచి, అక్కడే రెండో రాత్రి నిద్రపోతే మూడో రోజు 4,300కి ఒళ్ళు కొంత సిద్ధంగా ఉంటుంది. టికెట్టు భారతీయులకి 200. లోయలోకి గాడిదల్ని రానివ్వరు, ఆ హాయి వేరు. పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గరుండండి, సాయంత్రం ఐదుకి బయటికి రావాలి.

సరస్సు ఎత్తు ఒక్కో బోర్డు మీద ఒక్కోలా రాసుంటుంది. మన లెక్కకి 4,300 మీటర్లు చాలు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో ఇంచుమించు పదింట ఆరు పాళ్ళు. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే. దారి పొడవునా కర్పూరం అమ్ముతారు. వాసన చూస్తే ముక్కు చల్లబడి ఊపిరి ఆడినట్టు అనిపిస్తుంది, ఆక్సిజను మాత్రం గుక్కెడు కూడా పెరగదు. అసిటజోలమైడ్ మాత్ర, అందరూ డయామాక్స్ అంటారు, మామూలుగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా, ఎక్కే ముందురోజు నుంచే వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళకి ఇది ప్రమాదం కావచ్చు, ఇంటి దగ్గర డాక్టరుని అడిగే తీసుకోండి. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం మొదలైతే ఆగండి. తగ్గకపోతే దిగండి. కూర్చున్నా ఆయాసం తీరకపోయినా, అడుగు తూలుతున్నా, మాట తేడా వచ్చినా దేవుడి గుమ్మం అరకిలోమీటరే ఉందని మొహమాటపడొద్దు. అక్కడే వెనక్కి తిప్పండి. దిగడానికి మించిన మందు లేదు.

హేమకుండ్ రోజు ఐదింటికే బయల్దేరాలి. పైన రాత్రి బస లేదు, మధ్యాహ్నం రెండింటికల్లా అందర్నీ కిందికి పంపేస్తారు. పన్నెండు దాటితే పొగమంచు వచ్చి సరస్సుని మూసేస్తుంది. ఏడున్నరకి బయల్దేరినవాళ్ళు ఆరు కిలోమీటర్లు ఊపిరి బిగబట్టి ఎక్కి, చూసింది తెల్ల గోడ. దారంతా పేర్చిన రాళ్ళే, వంకర మీద వంకర. "యాభై అడుగులు, ఒక నిమిషం" లెక్కన వెళ్ళండి, కూర్చోకండి, నిలబడి కర్రకి ఆనుకోండి. కూర్చుంటే చెమట చల్లారి వణుకు మొదలవుతుంది. చివర్లో మెట్లదారి చీలుతుంది, వెయ్యికి పైగా మెట్లు. బ్రహ్మకమలాలు కనబడేది అటే. మోకాళ్ళు బాగున్నవాళ్ళు మెట్లెక్కి, దిగేటప్పుడు మాత్రం వంకర దారి పట్టుకోండి.

పైకి చేరగానే ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని ఒక్క నిమిషం నిలబడి చూడండి, ఫోను తర్వాత. చుట్టూ శిఖరాల గిన్నె, అడుగున ముదురాకుపచ్చ నీళ్ళు, ఒక మూల గురుద్వారా, పక్కనే చిన్నగా లక్ష్మణుడి గుడి. లోక్‌పాల్ అంటారు, లక్ష్మణుడు ఇక్కడ తపస్సు చేశాడని నమ్మకం. సరస్సు పొర్లి దిగే నీళ్ళే కింద మనం రెండు రోజులుగా పక్కన పెట్టుకు నడిచిన లక్ష్మణగంగ. మునకేసేవాళ్ళు తువాలూ పొడిబట్టలూ ముందే విప్పి పెట్టుకోవాలి, వచ్చాక వేళ్ళు జిప్పు కూడా లాగలేవు. మూడు మునకలు, ఒక నిమిషం, బయటికి. ఆడవాళ్ళకి లోపల మరుగు చోటుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు నెత్తిన చల్లుకుంటే చాలు.

తర్వాత లంగర్‌లో స్టీలు గిన్నెలో కిచిడీ పెడతారు. బియ్యం, పప్పు, పసుపు, కొంచెం నెయ్యి, అంతే. గిన్నె పట్టుకుంటే ముందు వేళ్ళకి ప్రాణం వస్తుంది, తర్వాత నోటికి. పెరుగన్నం లేదని మూడు రోజులుగా సణుగుతున్న మా బావగారు గిన్నె నాకి, సేవకి కూర్చుని పాతిక గిన్నెలు కడిగి వచ్చారు. కింద ఊళ్ళో మ్యాగీ 80, ఆలూ పరాఠా 80. అంత ఎత్తుకి గాడిద మీద మోసుకొచ్చిన బియ్యంతో చేసిన ఈ కిచిడీకి ధరే లేదు.

దిగేటప్పుడే మోకాళ్ళు పోతాయి. అడుగు చిన్నది వేయండి, కర్ర ముందు, కాలు తర్వాత. ఆ రాత్రి ఘాంగరియాలోనే పడుకోండి, అదే నేను పెట్టమంటున్న ఎక్కువ రాత్రి. మరునాడు పుల్నాకి పొద్దున్నే దిగితే మధ్యాహ్నానికి గోవింద్‌ఘాట్, అక్కణ్ణుంచి బదరీనాథ్ పాతిక కిలోమీటర్లే. జీపులు సాయంత్రానికి పల్చబడతాయి, కాబట్టి నాలుగు లోపే పుల్నా చేరండి. గోవింద్‌ఘాట్‌లో దాచిన పెట్టె చీటీ పర్సులో కాకుండా పాలిథిన్‌లో పెట్టుకోండి. మాది తడిసి అంకెలు చెరిగిపోయి, పెట్టెలో ఏమేం ఉన్నాయో చెప్పి తెచ్చుకోవాల్సొచ్చింది.